తలుపు తీసిన క్షణం

‘‘ఇంట్లో వైఫైని ఏది పాడు చేస్తోందో మనంతట మనమే కొలిచి తెలుసుకోగలమా? ఆదివారం కవర్ స్టోరీ అదే. గురువారం సాయంత్రానికి కాపీ ఇచ్చేయాలి’’ అన్నారు ఎడిటర్‌గారు.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుంటే, చుట్టుపక్కల రౌటర్లు ఏ ఛానెల్‌లో ఎంత బలంగా వినిపిస్తున్నాయో డీబీఎంలలో చూపిస్తుంది. ఈ అంకె మైనస్‌లో ఉంటుంది. సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. పది దిగితే బలం పదో వంతుకు పడిపోయినట్టు. కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో రౌటర్ పక్కన మైనస్ 38 చూపించిన ఫోను, వంటగట్టు దగ్గరికి వచ్చేసరికి మైనస్ 66కి దిగింది. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. అయినా 66 అంటే వీడియో కాల్‌కు ఢోకా లేదు. కానీ కాల్ తెగుతూనే ఉంది.

అసలు చిక్కంతా ఇక్కడే. ఫోన్ మీది గీతలు మన రౌటర్ ఎంత గట్టిగా మాట్లాడుతోందో చెబుతాయి; చుట్టూ రొద ఎంతుందో చెప్పవు. బ్యాండు మేళం పక్కన నిలబడితే ఎదుటి మనిషి ఎంత అరిచినా ఒక్క ముక్క అర్థం కాదు కదా. పైగా ఆ యాప్‌కు కనబడేది వైఫై ఒక్కటే. మైక్రోవేవ్ ఓవెన్ రొద దాని కంట పడదు. పడాలంటే ఏ పౌనఃపున్యంలో ఎంత రొద ఉందో చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ కావాలి. అది లేని ఇళ్లవాళ్లు ఏం చేయాలని వెతుకుతుంటే ఆస్ట్రేలియా వాళ్లు 2015లో రాసిన పరిశోధన పత్రం ఒకటి చేతికి చిక్కింది. ఇక మిగతావన్నీ పక్కన పెట్టేశాను. అందులోని కథ ఇదీ.

న్యూ సౌత్ వేల్స్‌లో పార్క్స్ అనే ఊరి దగ్గర 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ ఉంది. 1998 నుంచి అది పట్టిన రికార్డుల్లో సెకను కూడా నిలవని వింత మెరుపులు కొన్ని దొరికాయి. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర, ముందు ఎక్కువ పౌనఃపున్యం, వెనకాలే తక్కువది, అచ్చం సుదూర గెలాక్సీ నుంచి అంతరిక్షం దాటుకుంటూ వచ్చినట్టే ఉన్నాయి. సారా బర్క్-స్పోలార్ బృందం 2011లో అలాంటివి 16 బయటపెట్టి, వాటికి ‘పెరిటాన్లు’ అని పేరు పెట్టింది. అవి ఆకాశానివి కావన్న అనుమానం అప్పుడే ఉంది. ఆ టెలిస్కోప్ రిసీవర్ ఒకేసారి ఆకాశంలో 13 చోట్లను చూస్తుంది. నక్షత్రాల సంకేతమైతే ఒకటి రెండు చోట్ల కనిపించాలి. ఇవి 13 చోట్లా కనిపించాయి. అంటే మూలం దగ్గర్లోనే ఉంది. పైగా వచ్చేవి పనివేళల్లోనే, అదీ ఎక్కువగా మధ్యాహ్నం భోజనాల సమయంలో.

ఆ ఒక్క గమనిక చాలు, ఈ పత్రం మీద ఇష్టం పుట్టడానికి. యంత్రాలకు అందనిది గడియారానికి అందింది.

2014 డిసెంబరులో అక్కడ రేడియో రొదను కనిపెట్టి ఉండే పరికరం పెట్టారు. మరుసటి నెల 19, 22, 23 తేదీల్లో మూడు పెరిటాన్లు పడ్డాయి. మూడుసార్లూ అదే క్షణంలో 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద లేచినట్టు కొత్త పరికరం చూపించింది. అది మైక్రోవేవ్ ఓవెన్ వాడే చోటు. ఈ పత్రం రాసిన ఎమిలీ పెట్రాఫ్ బృందం నీళ్లు నింపిన పింగాణీ కప్పు ఓవెన్‌లో పెట్టి నడిపింది. టైమర్ పూర్తయి దానంతట అది ఆగితే ఏమీ లేదు. నడుస్తుండగానే తలుపు లాగితే పెరిటాన్! టెలిస్కోప్ ఆ ఓవెన్‌కు ఎదురుపడే కోణంలో ఉండటం కూడా అవసరం. అందుకే అన్నేళ్లు దొరకలేదు. ఓవెన్‌లో మైక్రోవేవ్‌లు పుట్టించే మాగ్నెట్రాన్ ఉన్నట్టుండి ఆగేటప్పుడు, ఆ కొద్దిపాటి వ్యవధిలో తన మామూలు పౌనఃపున్యం తప్పి అరుస్తుంది. తలుపు అప్పటికే తెరుచుకుని ఉంటుంది.

చరిత్ర క్లుప్తంగా: 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని వేడి పుట్టించే యంత్రాలకు వదిలేసింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1985లో అమెరికా అక్కడే లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోనిచ్చింది. 1997లో వైఫై తొలి ప్రమాణం వచ్చింది. మన దేశంలో ఈ పట్టీకి లైసెన్సు మినహాయింపు 2005లో దక్కింది. ఓవెన్, వైఫై ఒకే వాకిట్లో పడ్డాయంటే అందుకే.

పార్క్స్ పద్ధతినే మా వంటింట్లో చేసి చూశాను. ల్యాప్‌టాప్‌ను 2.4 పట్టీకి కలిపి రౌటర్‌కు ఆగకుండా పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపుతూ, ఓవెన్‌లో కప్పు నీళ్లు పెట్టాను. మూడు నాలుగు మిల్లీసెకన్లలో వస్తున్న జవాబులు వందల్లోకి ఎగబాకాయి, కొన్ని అసలు రాలేదు. యాప్‌లో మాత్రం అదే మైనస్ 66. ఓవెన్ ఆగగానే పింగ్ తేరుకుంది. పూర్తిగా తెగకపోవడానికీ కారణముంది: చాలా ఓవెన్లలో మాగ్నెట్రాన్ మన 50 హెర్ట్జ్ కరెంటు ప్రతి ఆవృత్తిలో సగం సేపే పనిచేస్తుంది. సెకనులో వందో వంతు రొద, వందో వంతు నిశ్శబ్దం. ఆ సందులోంచి కొన్ని ప్యాకెట్లు దూరిపోతాయి. 5 గిగాహెర్ట్జ్‌కు మారి మళ్లీ చేస్తే పింగ్ చెక్కుచెదరలేదు.

కానీ రోజూ మా కాల్ తెగేది రాత్రి తొమ్మిది దాటాక. అప్పుడు ఓవెన్ నడవదు. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంపై వేళలు రాసుకుంటూ పోతే దొరికిన ముద్దాయి వేరు: ఆ వేళకు పైనా కిందా రౌటర్లన్నీ ఆరో ఛానెల్‌లో బిజీ. కాబట్టి ‘రేంజ్ పెంచే’ పెట్టె కొనమనే సలహాను నేను నమ్మను. ముందు వేళలు రాసి పెట్టుకోండి.

బాక్స్: ఇంకొన్ని
2.4 పట్టీలో ఛానెళ్లు 5 మెగాహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి, ఒక్కో సిగ్నల్‌కు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కావాలి. అందుకే ఒకదానికొకటి తగలకుండా మామూలుగా వాడేవి 1, 6, 11. అందరూ ఆరులో ఉన్నారని మూడుకు మారితే రెండు వైపుల రొదా మీదికొస్తుంది. ఒకే ఛానెల్‌లో ఉన్నవాళ్లు కనీసం వంతులేసుకుని మాట్లాడతారు.

వైర్‌లెస్ మౌస్ మొరాయిస్తే పక్కన యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ ఉందేమో చూడండి. అది 2.4 పట్టీలో రొద చేస్తుందని ఇంటెల్ 2012లోనే రాసింది.

మొబైల్ సిగ్నల్ బూస్టర్‌ను అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. మీ ఇంట్లో గీతలు పెరిగినా, టవర్ దగ్గర పేటంతటికీ రొద పెరుగుతుంది.