పాత ఫోర్‌వీల్ జీపు కొనే ముందు: బేరం కంటే పత్రం ముఖ్యం

కొండ దారులు, వాగులు, నల్లరేగడి భూములు ఉన్న మన గ్రామీణ ప్రాంతాలలో ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు విలాస వస్తువు కాదు. ఎరువుల బస్తాలు తోటకు చేరాలన్నా, పంట సంతకు దిగాలన్నా, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా అదే ఆధారం. కొత్త బండి ధర అందరికీ అందుబాటులో లేదు గనుక పాత బండ్ల వైపు మొగ్గడం సహజమే. అయితే పాత బండి కొనుగోలులో జరిగే నష్టాలలో ఇంజను వలన కలిగేవి కొన్ని, కాగితాల వలన కలిగేవి అంతకంటే పెద్దవి.

నేను పాడేరు ప్రాంతంలో క్షేత్రాధికారిగా పనిచేసిన రోజులలో ఒక కాఫీ రైతు మా శాఖకు వచ్చారు. కాఫీ, మిరియాల పంట సొమ్ము 2,40,000 రూపాయలు చెల్లించి, పట్నంలోని ఒక మధ్యవర్తి ద్వారా పరరాష్ట్రపు పాత జీపు కొన్నారు. మూడు నెలల తరువాత సంత రోజున ఒక ఫైనాన్సు సంస్థ మనుషులు ఆ బండిని పట్టుకొనిపోయారు. ఆయన చేతిలో ఉన్నవి సంతకాలు మాత్రమే చేసిన రెండు ఖాళీ ఫారాలు, వంద రూపాయల స్టాంపు కాగితం, మొదటి యజమాని పేరుతోనే ఉన్న ఆర్.సి. కార్డు. అవన్నీ బల్లపై పరచి, "సార్, సొమ్ము మొత్తం ఇచ్చేసినాను. బండి నాదే గదా?" అని అడిగారు. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ తాకట్టు స్పష్టంగా నమోదై ఉన్నది. దానిని ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు. బండి విడిపించుకొనుటకు ఋణం కోరారు గాని, ఆయన పేర లేని వాహనంపై బ్యాంకు ఋణం ఇవ్వజాలదు. చివరకు మధ్యవర్తి నుండి సగం సొమ్ము కూడా తిరిగి రాలేదు. ఆ నష్టం మరొకరికి కలుగరాదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు ఫోర్‌వీల్ అవసరమా?

మామూలు జీపులో ఇంజను శక్తి వెనుక చక్రాలకు మాత్రమే అందుతుంది. ఫోర్‌వీల్ బండిలో గేర్‌బాక్సుకు తోడు ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరొక పెట్టె ఉండి, కోరినప్పుడు ముందు చక్రాలకు కూడా శక్తిని పంపుతుంది. బురద, ఇసుక, నిటారు ఎత్తులలో ఇది ఎంతో ఉపయోగం. కాని ముందు డిఫరెన్షియల్, అదనపు షాఫ్ట్, వాటి జాయింట్లు, సీళ్ళు అన్నీ అరిగేవే. నిర్వహణ ఖర్చు ఎక్కువ, ఇంధనం కొంత అధికం. తోటకు వెళ్ళే దారి ఏడాదికి ఎన్ని రోజులు బురదగా ఉంటుందో లెక్క వేసుకోవాలి. వర్షాకాలంలో పది పదిహేను రోజులే అయితే, ఎత్తుగా ఉండే టూవీల్ డ్రైవ్ బండితోనో, ఆ నాలుగు రోజులు అద్దె ట్రాక్టరుతోనో పని జరుగవచ్చు.

చూపుకు జీపు, పనికి కాదు

ఆకారం చూచి ఫోర్‌వీల్ అనుకోరాదు. రోడ్లపై కనిపించే బొలెరోలలో అధిక భాగం వెనుక చక్రాలతో నడిచేవే. స్కార్పియో, సఫారీ, పాత థార్ వంటి వాటిలో రెండు రకాలూ వచ్చాయి. లోపల రెండవ గేరు కర్ర లేదా 2హెచ్, 4హెచ్, 4ఎల్ గుర్తులున్న మీట ఉందేమో చూడాలి. తరువాత బండి క్రిందకు వంగి, ముందు ఇరుసు మధ్య డిఫరెన్షియల్ గుండు, దానికి బిగించిన షాఫ్ట్ ఉన్నాయో లేదో కంటితో చూడాలి. పాత జీపులలో ముందు షాఫ్ట్ చెడిపోయినప్పుడు బాగు చేయించక విప్పివేయడం కూడా జరుగుతుంది. మీట కదులుతుంది గాని చక్రానికి శక్తి చేరదు.

విడిభాగాల సంగతి కూడా ముందే విచారించాలి. 1985లో వచ్చిన మారుతీ జిప్సీ తేలికైనది, ఎత్తు బాగా ఎక్కుతుంది. కాని అది పెట్రోలు బండి, తయారీ కూడా నిలిచిపోయింది. మహీంద్రా పాత డీజిల్ జీపులకు పల్లె మెకానిక్కులలో అనుభవజ్ఞులు ఎక్కువ. మీ మండల కేంద్రంలో బాగుచేయలేని బండి ఎంత చౌకగా వచ్చినా ఖరీదైనదే.

బండి పరీక్ష

నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకొని పగటి వెలుతురులో బండి చూడాలి. అమ్మేవారు సూచించిన మెకానిక్కు పనికిరాడు.

1. ఇంజను చల్లగా ఉండగానే మొదటిసారి స్టార్టు చేయించాలి. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను తన లోపాలను దాచుకుంటుంది. వేడెక్కిన తరువాత కూడా నీలి పొగ వస్తే ఇంజను ఆయిల్ కాలుచున్నదని, నల్ల పొగ దట్టంగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదని అర్థం. తెల్లని పొగ ఆగకుండా వస్తే డీజిల్ కాలకుండా బయటకు వస్తున్నదో, రేడియేటరు నీరు సిలిండరులోకి చేరుచున్నదో పరీక్షించాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆ బండి వద్దు.

2. ఛాసిస్‌ను ఈ చివర నుండి ఆ చివర వరకు చూడాలి. కొత్తగా పూసిన నల్ల రంగు క్రింద తుప్పు, వెల్డింగు అతుకులు ఉండవచ్చు. చిన్న సుత్తితో తట్టి చూస్తే తుప్పు తిన్న చోట శబ్దం మారుతుంది.

3. ముందు చక్రాల వెనుక భాగంలో గ్రీజు, ఆయిల్ చిమ్మి ఉంటే సీళ్ళు పోయినట్లే. షాఫ్ట్‌ను చేతితో పట్టి త్రిప్పినప్పుడు జాయింటు వద్ద టకటక ఆడరాదు.

4. నాలుగు టైర్లూ ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదలతో ఉండాలి. ముందు వెనుక టైర్ల చుట్టుకొలత వేరైతే ఫోర్‌వీల్‌లో నడిపినప్పుడు గేర్లపై ఒత్తిడి పడుతుంది.

5. ఫోర్‌వీల్ పరీక్షను తారు రోడ్డుపై చేయరాదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. మన పాత జీపులలో అనేకం ఈ తేడాను సర్దుకోలేవు. గట్టి నేలపై చక్రాలు జారలేవు గనుక ఆ ఒత్తిడి జాయింట్లపై పడుతుంది. దున్నిన చేనులోనో, ఇసుక వాగులోనో నడిపించి, ముందు చక్రాలు కూడా మట్టిని తన్నుచున్నవో లేదో ప్రక్కన నిలిచి చూడాలి. కొన్ని పాత బండ్లలో ముందు హబ్‌లకు చేతితో త్రిప్పే లాక్ ఉంటుంది. దానిని వేసిన తరువాతే ఈ పరీక్ష చేయాలి. బండి ఆపి 4ఎల్ వేసి ఒక ఎత్తు ఎక్కించాలి. మీట బయటకు ఎగిరినా, గరగర శబ్దం వచ్చినా ట్రాన్స్‌ఫర్ కేస్ మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించాలి, లేదా బేరం మానాలి.

వరద నీట మునిగిన బండ్లు

2015లో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది వాహనాలు నీట మునిగాయి. అటువంటివి కడిగి, రంగు వేసి, దూర ప్రాంతాలలో అమ్మకానికి పెట్టే ప్రమాదం ఉన్నది. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద చార కనిపించవచ్చు. సీట్ల క్రింది పట్టాలలో తుప్పు, హెడ్‌లైట్ల లోపల మట్టి, కార్పెట్ క్రింద ముక్క వాసన కూడా అనుమానించదగిన గుర్తులే.

పత్రాలు

బండి ఎంత నచ్చినా ఈ భాగం పూర్తి కాకుండా బయానా ఇవ్వరాదు.

ముందుగా ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండిపై చెక్కిన నంబర్లతో అక్షరం అక్షరం పోల్చాలి. వేలంలో కొన్న పాత జీపులకు, విడిభాగాలతో కూర్చిన బండ్లకు, ఇంజను మార్చిన బండ్లకు ఇది ప్రాణం వంటిది. ఇంజను మార్చి ఉంటే ఆ మార్పు ఆర్.సి.లో నమోదై ఉండాలి.

రెండవది తాకట్టు. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో గాని, ఎంపరివాహన్ యాప్‌లో గాని బండి నంబరు ఇస్తే రిజిస్ట్రేషను తేదీ, బీమా గడువు, ఫైనాన్సు వివరాలు తెలుస్తాయి. చెల్లించని చలాన్లను కూడా అప్పుడే చూచుకోవాలి. తాకట్టు ఉన్నట్లయితే "అప్పు తీరిపోయింది" అన్న నోటి మాట చాలదు. ఫైనాన్సు సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రంతో ఫారం 35 దాఖలు చేసి, ఆర్.సి.లో ఆ నమోదు తొలగించిన తరువాతే ధర చెల్లించాలి.

మూడవది పేరు మార్పు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు 14 రోజులలోగా, కొన్నవారు 30 రోజులలోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు ఫారం 29, ఫారం 30 వాడతారు. ఖాళీ ఫారాలపై సంతకం తీసుకొని పెట్టెలో దాచుకోవడం పేరు మార్పు కాదు. పరరాష్ట్ర బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 28, తప్పనిసరి. ఇక్కడ కొత్త నంబరుకు, జీవితకాల పన్నుకు అయ్యే ఖర్చును కూడా ధరలో కలిపి చూడాలి. 2014 విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య మారే బండ్ల విషయంలోనూ ఈ సంగతి ముందే విచారించాలి.

ఢిల్లీ రాజధాని ప్రాంతంలో 10 సంవత్సరాలు దాటిన డీజిల్ బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు విధించిన నాటి నుండి అక్కడి బండ్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు తరలుతూ వచ్చాయి. 2025లో ఆ ఆంక్షల అమలులో సుప్రీంకోర్టు కొంత సడలింపు ఇచ్చినది. ఆ బండ్లన్నీ చెడ్డవి కావు. కాని వాటి చౌక ధరకు పన్ను, నంబరు ఖర్చు చేర్చి చూచినప్పుడే అసలు ధర తెలుస్తుంది.

సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత పరీక్ష చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2013లో రిజిస్టరైన బండికి 2028 వరకే గడువు. మీ ఋణ వాయిదాలు అంతకు మించి సాగరాదు.

బీమా

చట్టంలోని 157వ సెక్షను ప్రకారం కొన్నవారు 14 రోజులలోగా పాలసీని తమ పేరుకు మార్చమని బీమా సంస్థను కోరాలి. ఇది చేయకుంటే సొంత బండికి కలిగిన నష్టంపై పరిహారం చిక్కులలో పడుతుంది. మరొక మాట: తెల్ల బోర్డు జీపులో కిరాయికి ప్రయాణీకులను ఎక్కించడం మన కొండ ప్రాంతాలలో మామూలుగా జరుగుచున్నది. అది పర్మిటుకు, బీమా షరతులకు విరుద్ధం. ఘాటు దారిలో ప్రమాదం జరిగితే ఆ పరిహారం భారం యజమాని భూమిపై పడవచ్చు.

అమ్మేవారికి, డీలర్లకు

పేరు మార్పు కొన్నవారి పని అని అమ్మినవారు ఊరుకోరాదు. ప్రమాదం జరిగిన నాటికి రికార్డులలో ఎవరి పేరు ఉంటే వారే యజమాని, పరిహార బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పాత వాహనాల డీలర్లకు 2023 ఏప్రిల్ 1 నుండి రవాణా శాఖ అధికార పత్రం అవసరమైనది. బండిని డీలరుకు అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అమ్ముడుపోయే వరకు దాని బాధ్యత డీలరుది. ఇది డీలర్లకు భారంగా తోచవచ్చు గాని, పత్రాలు శుభ్రంగా ఉన్న డీలరు బండికే బ్యాంకు ఋణం సులువుగా దొరుకుతుంది.

ఋణం, వడ్డీ లెక్క

పాత వాహనంపై ఋణం బండి వయస్సు, మా ఆమోదిత మదింపుదారు కట్టిన విలువ, మీ ఆదాయంపై ఆధారపడి ఉంటుంది. అడిగిన ధర మొత్తానికి ఋణం రాదు. చేతిలో ఉన్న సొమ్మంతా ధరకే పెట్టక, టైర్లు, బ్యాటరీ, మొదటి మరమ్మతు, పేరు మార్పులకు కొంత విడిగా ఉంచుకోవాలి.

వడ్డీ రేటు ఎంత అని మాత్రమే గాక, ఏ పద్ధతిలో అని కూడా అడగాలి. ఉదాహరణకు 3,00,000 రూపాయల ఋణం, 12 శాతం వడ్డీ, 36 వాయిదాలు అనుకొందాం. తగ్గుతున్న నిల్వపై వడ్డీ అయితే నెల వాయిదా సుమారు 9,964 రూపాయలు, మొత్తం వడ్డీ సుమారు 58,700 రూపాయలు. ఫ్లాట్ పద్ధతిలో అయితే వాయిదా 11,333 రూపాయలు, మొత్తం వడ్డీ 1,08,000 రూపాయలు. రెండు చోట్లా చెప్పేది 12 శాతమే. రెండవ దానిలో వాస్తవంగా పడేది ఏడాదికి దాదాపు 21 శాతం. అట్లే, మొదటి పద్ధతిలోనే 60 వాయిదాలు చేసుకుంటే నెలకు 6,673 రూపాయలే అయినా వడ్డీ లక్ష రూపాయలు దాటుతుంది.

పంట ఋణాన్ని జీపు కొరకు మళ్ళించడం తగదు. పంట సొమ్ము వచ్చే నెలలకు అనుగుణంగా వాయిదాలు కుదుర్చుకొనుటకు వీలుందేమో మీ శాఖలో ముందే అడగండి.

ముగింపు

ఆ కాఫీ రైతు ఆ రోజు అడిగిన ప్రశ్నకు సమాధానం చాలా చిన్నది. సొమ్ము ఇచ్చినందువలన, తాళం చేతికి వచ్చినందువలన రికార్డులలో బండి మనది కాదు. తాకట్టు తొలగి, ఆర్.సి.లో మన పేరు ఎక్కి, బీమా మన పేరుకు మారిన నాడే మనది. బయానా ఇచ్చే ముందు ఆర్.సి. నకలు పట్టుకొని ఒక్కసారి మీ బ్యాంకు శాఖకు రండి. ఋణం తీసుకున్నా, తీసుకోకపోయినా, దానిలో ఏమున్నదో చదివి చెప్పడానికి మాకు పది నిమిషాలు చాలు.