పనిలో తోడు

మానవుడు తన జీవితకాలంలో అధిక భాగాన్ని వృత్తిలోనే గడుపుతాడు. వృత్తి అతనికి జీవనాధారాన్నీ, సమాజంలో గుర్తింపునూ ఇస్తుంది. ఒక్కొక్కప్పుడు అదే వృత్తి అనారోగ్యానికి కారణమవుతుంది. చేయవలసిన పనికీ, దానిని చేయడానికి ఉన్న శక్తికీ, సమయానికీ పొంతన కుదరనప్పుడు కలిగే స్థితినే వృత్తిపరమైన ఒత్తిడి అంటారు. పనిభారమే దీనికి ఏకైక కారణమని సామాన్యంగా భావిస్తారు. ఆ భారాన్ని మోసేవానికి పక్కన తోడు ఉన్నదా, లేదా అన్నది కూడా అంతే ముఖ్యమని బొగ్గుగనుల చరిత్ర తెలియజేస్తుంది.

పూర్వం ఇంగ్లండులోని అనేక గనులలో ఇద్దరు ముగ్గురు కార్మికులు చిన్న జట్టుగా ఏర్పడి పనిచేసేవారు. ఎవరితో జతకట్టాలో వారే నిర్ణయించుకునేవారు. బొగ్గును తవ్వడం, ఎత్తిపోయడం, పైకప్పు కూలకుండా ఆధారాలు నిలబెట్టడం మొదలైన పనులన్నీ ఆ జట్టే చూసుకునేది. చీకటి, ధూళి, ప్రమాదం వారికి నిత్యం ఎదురయ్యేవే. అయినా పక్కనున్నవాడు తనను విడిచిపోడనే ధైర్యం ప్రతి ఒక్కరికీ ఉండేది. ఒకడు గాయపడినా, మరణించినా అతని కుటుంబ బాధ్యతను జతగాడు స్వీకరించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

యంత్రాలు ప్రవేశించిన తరువాత లాంగ్‌వాల్ అనే పద్ధతి అమలులోకి వచ్చింది. సుమారు 40 మంది కార్మికులను మూడు షిఫ్టులుగా విభజించారు. ఒక షిఫ్టువారు కోసిన బొగ్గును మరొక షిఫ్టువారు ఎత్తిపోయాలి. ముందువారు సరిగా చేయని పని తరువాతివారి నెత్తిన పడేది. పరస్పరం నిందించుకోవడం, పనికి గైర్హాజరు కావడం, మానసిక రుగ్మతలకు లోనుకావడం అధికమయ్యాయి. ఎరిక్ ట్రిస్ట్, పూర్వం స్వయంగా గని కార్మికుడైన కెన్ బామ్‌ఫోర్త్ 1951లో ప్రచురించిన అధ్యయనంలో దీనికి కారణాన్ని వివరించారు. కొత్త పద్ధతి పాత జట్లను విడదీసింది. వాటితోపాటే కార్మికుని ధైర్యమూ పోయింది.

మన దేశంలోనూ ఇటువంటి అనుభవమే ఎదురైంది. 1953లో అహ్మదాబాదులోని ఒక నేత మిల్లులో 224 ఆటోమేటిక్ మగ్గాలపై 29 మంది కార్మికులు పనిచేసేవారు. పని 12 రకాలుగా చీలి, ఎవరి పని వారిదే అన్నట్లుండేది. ఆధునిక యంత్రాలు వచ్చినా ఆశించిన ఫలితం రాలేదు. అప్పుడు ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు కొన్ని మగ్గాల బాధ్యతను ఒక్కొక్క చిన్న జట్టుకు అప్పగించాలని సూచించాడు. కార్మికులు ఆ సూచనను చర్చించుకొని, తమ జట్లను తామే ఏర్పరచుకున్నారు. తొలినాళ్ల ఒడుదొడుకులు దాటిన తరువాత ఉత్పత్తి పెరిగింది. వస్త్రంలో లోపాలు తగ్గాయి.

సామాజిక తోడ్పాటు నాలుగు విధాలని అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హౌస్ 1981లో వివరించాడు. ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సును ఉదాహరణగా తీసుకోవచ్చు. రోగి మరణించిన రాత్రి ఆమె పక్కన కూర్చుని ఊరడించడం భావోద్వేగపరమైన తోడ్పాటు. రోగుల సంఖ్య పెరిగినప్పుడు కొన్ని పడకల బాధ్యతను పంచుకోవడం ప్రత్యక్ష సహాయం. తెలియని చికిత్సా విధానాన్ని వివరించడం సమాచార రూపమైన సహాయం. ఆమె పనిలోని మంచిచెడ్డలను నిష్పక్షపాతంగా తెలియజేయడం మూల్యాంకన రూపమైన తోడ్పాటు. ఏ సమయంలో ఏది అవసరమో గ్రహించడమే విజ్ఞత. పని తెలియక తడబడేవారికి ఓదార్పు మాటలు చాలవు. దుఃఖంలో ఉన్నవారికి సలహాలు రుచించవు.

ఈ తోడ్పాటు ప్రభావం శరీరారోగ్యంపైనా ఉంటుంది. స్వీడన్‌లో 13 వేలకు పైగా ఉద్యోగుల సమాచారాన్ని జెఫ్రీ జాన్సన్, ఎలెన్ హాల్ పరిశీలించి, 1988లో ఫలితాలను ప్రకటించారు. పనిభారం ఎక్కువై, నిర్ణయాధికారం తక్కువై, తోడ్పాటు కూడా కొరవడినవారిలో గుండె, రక్తనాళాల వ్యాధులు అధికంగా కనిపించాయి.

అయితే, ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరిపై మోపి, తోటివారి సాయంతో నెట్టుకురమ్మనడం న్యాయం కాదు. భారాన్ని సరిదిద్దవలసిన బాధ్యత యాజమాన్యానిదే. తోటివారి ఆసరా ఆ బాధ్యతకు ప్రత్యామ్నాయం కాజాలదు. కష్టంలో ఉన్నవాడు సాయం అడగడానికి సంకోచించని వాతావరణాన్ని కల్పించడం పై అధికారి కర్తవ్యం. ఉద్యోగ జీవితంలో అడుగుపెట్టబోయే యువతరం సాయం అడగడం అసమర్థత కాదని గ్రహించాలి; అడగలేక మౌనంగా ఉన్నవారిని గుర్తించి తామే ముందుకు వెళ్లి పలకరించడం అలవరచుకోవాలి.