యాంజియోగ్రామ్: తొందర ఎవరికి అవసరం?

1958 అక్టోబర్ 30న అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ మేసన్ సోన్స్ 26 ఏళ్ల రోగికి గుండె కవాటాన్ని ఎక్స్‌రే ఫిల్ముపై తీయబోయారు. సరిగ్గా రంగుమందు వదిలే వేళకు కెథటర్ అనే సన్నని గొట్టం కొస జారి, గుండెకు రక్తమందించే కుడి కరోనరీ ధమనిలో దూరింది. అంత మందు నేరుగా ఆ సన్నటి నాళంలోకి పోతే మనిషి దక్కడని అప్పటి వైద్యుల భయం. గుండె కొన్ని సెకన్లు ఆగనే ఆగింది. గట్టిగా దగ్గమని సోన్స్ కేకవేశారు. రోగి దగ్గాడు, గుండె మళ్లీ కొట్టుకుంది. ఫిల్ములో మాత్రం ధమని మొదలు నుంచి కొస వరకు స్పష్టంగా కనిపించింది. నేటి కరోనరీ యాంజియోగ్రామ్ అలా పుట్టింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రున్‌ట్సిగ్ బెలూన్‌తో పూడికను విప్పి చూపాక, జబ్బును చూసిన బల్ల మీదే దాన్ని బాగుచేసే వీలు కూడా వచ్చింది.

అంత శక్తి చేతికొచ్చాక, ఇంట్లోనో వీధిలోనో గుండె ఆగి, తిరిగి కొట్టుకుంటున్న ప్రతి మనిషినీ వెంటనే యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్‌కు తీసుకెళ్లాలనిపించడం సహజం. 1997లో పారిస్ వైద్యులు అలాంటి 84 మందిని పరీక్షిస్తే 40 మందిలో కరోనరీ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. ఆ తర్వాత ఆసుపత్రుల రికార్డులు తిరగేసినవారికీ, త్వరగా యాంజియోగ్రామ్ చేయించుకున్నవాళ్లే ఎక్కువగా బతికినట్టు కనిపించింది. ఆ లెక్కలోనే ఒక మెలిక ఉంది. బతికే ఆశ ఎక్కువగా ఉన్న రోగినే వైద్యుడు ముందుగా పంపుతాడు. అలాంటప్పుడు బతికించింది పరీక్షో, రోగికి ముందే ఉన్న బలమో రికార్డులు తేల్చి చెప్పలేవు. చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా రోగులను రెండు జట్లుగా విడదీస్తేనే ఆ మెలిక వీడుతుంది.

నెదర్లాండ్స్‌లో అదే చేశారు. ఈసీజీలో పెద్ద గుండెపోటు గుర్తు, అంటే ఎస్‌టీ ఎత్తు, లేనివారినే తీసుకున్నారు. 2019లో వెలువడిన ఆ ఫలితాల్లో 90 రోజుల తర్వాత, వెంటనే పరీక్ష జరిగిన జట్టులో 64.5 శాతం, ఆగి చేసిన జట్టులో 67.2 శాతం బతికి ఉన్నారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో జర్మనీ, డెన్మార్క్ వైద్యుల అధ్యయనమూ ఇదే మాట చెప్పింది. కారణం కూడా దొరికింది. నెదర్లాండ్స్ రోగుల్లో అప్పటికప్పుడు గడ్డ అడ్డుపడి ధమని మూసుకున్నవారు నూటికి పదిమంది కూడా లేరు. చనిపోయినవారిలో ఎక్కువమందిని బలిగొన్నది మెదడు దెబ్బ. గుండె ఆగిన నిమిషాల్లో రక్తం అందక మెదడుకు జరిగిన నష్టాన్ని, ధమనిని తెరిచి ఉంచే ఏ స్టెంటూ పూడ్చలేదు.

ఆ పదిలోపు మంది సంగతేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆగడమంటే వదిలేయడం కాదు. ఆ రోగి ఐసీయూలో వైద్యుల కళ్లెదుటే ఉంటాడు, పరిస్థితి విషమిస్తే అప్పుడే తీసుకెళ్తారు. రక్తపోటు పడిపోయి షాక్‌లో ఉన్నవారిని నెదర్లాండ్స్ అధ్యయనంలో చేర్చలేదు కనుక ఆ ఫలితం వారికి వర్తించదు. ఈసీజీలో ఎస్‌టీ ఎత్తు కనిపించినవారి విషయంలో వివాదమే లేదు, అక్కడ ప్రతి నిమిషం విలువైనది. మిగిలినవారికి యాంజియోగ్రామ్ రెండు మూడు రోజులు ఆలస్యమైందని కుటుంబం కుమిలిపోనక్కర్లేదు. ఆలస్యం నిజంగా ప్రాణం తీసేది మనిషి కుప్పకూలిన చోటే. అందుకే 108కి ఫోన్ చేస్తూనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం ప్రతి ఇంట్లో ఒక్కరైనా నేర్చుకోండి.