బావరి శిష్యులు ఎందుకు బయల్దేరారు?

మల్లాపూర్ మండలానికి ఉత్తరాన గోదావరి పారుతుంది. అవతల ఖానాపూర్ వైపు, నది రెండు పాయలై చుట్టుకున్న లంకలో బాదనకుర్తి ఉంది. బుద్ధుని కాలంలో అస్సక రాజ్యంలో, గోదావరి ఒడ్డున బావరి అనే బ్రాహ్మణ గురువు ఉండేవాడని పాళీ గ్రంథం సుత్తనిపాతం చెబుతుంది. ఆయన ఆశ్రమం ఈ బాదనకుర్తిలోనే ఉండేదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ప్రశ్నలు అడిగి రమ్మని బావరి తన శిష్యులు పదహారుగురిని బుద్ధుని దగ్గరికి పంపాడు. ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి దాటి మగధ దాకా సాగింది వాళ్ల ప్రయాణం. సంకల్పం గురించి మన ఊళ్లలో ఈనాటికీ వినపడే అపోహలు కొన్నింటికి వాళ్ల ప్రశ్నల్లోనే జవాబు దొరుకుతుంది.

అపోహ: సంకల్పమంటే దేవుణ్ణి ఏదో ఒకటి కోరుకోవడమే.

వాస్తవం: వేములవాడ రాజన్న గుడిలో కోడె మొక్కు చూసినవాళ్లకు తెలుసు. పలుపు చేతబట్టి కోడెతో గుడి చుట్టూ తిరిగి, తెచ్చి కట్టేస్తారు. "బిడ్డ బాగైతే కోడెను కడత" అని ఎప్పుడో అనుకున్న మాట ఆ రోజు తీరుతుంది. మాట తప్పకూడదన్న ఆ పట్టుదలంటే నాకు గౌరవం. కాకపోతే అది మొక్కు. పని అయింది, బాకీ తీరింది. జ్ఞానం కోసం చేసే సంకల్పానికి తీరిపోవడం ఉండదు.

పూజ మొదట్లో అయ్యగారు మన చేత చెప్పించేది ఓసారి జాగ్రత్తగా వినండి. చేతిలో అక్షతలు ఉంటాయి. మనం ఏ దేశంలో, ఏ నదుల నడుమ ఉన్నామో, ఏ సంవత్సరమో, ఏ తిథో, ఏ గోత్రమో, ఏ పేరో వరసగా వస్తాయి. ఏం కావాలన్నది ఆ తర్వాతి మాట. ముందు నువ్వెక్కడ నిలబడ్డావో చెప్పుకోవాలి. నాకు సంకల్పంలో అసలు పట్టు అక్కడే ఉందనిపిస్తుంది. మనమేమో గోత్రం అడిగేదాకా ఫోన్ చూసుకుంటూ ఉంటాం.

పదహారుగురిలో పుణ్ణకుడు అడిగింది ఇదే. ఋషులూ రాజులూ ఇన్ని యజ్ఞాలు చేస్తున్నారు గదా, పుట్టుకనూ ముసలితనాన్నీ దాటారా అని. దాటలేదన్నాడు బుద్ధుడు. వాళ్లు ఏదో ఒక లాభం ఆశించి చేశారు, ఆ ఆశ దగ్గరే ఆగిపోయారు.

అపోహ: మన తరఫున ఇంకొకరు సంకల్పిస్తే చాలు.

వాస్తవం: దుబాయ్‌లో ఉన్న భర్త పేరూ గోత్రమూ చెప్పి ఇక్కడ భార్య అర్చన చేయిస్తుంది. ఆయన క్షేమం కోసం ఆమె పడే ఆరాటం అది, దానికి వంక పెట్టేదేముంది? జ్ఞానం మాత్రం అలా రాదు. నా సందేహాల నుంచి నన్ను విడిపించమని ఆ శిష్యుల్లో మరొకడు, ధోతకుడు వేడుకుంటే, అలా ఎవరినీ విడిపించలేను, తెలుసుకుని నీకు నువ్వే దాటాలి అన్నాడు బుద్ధుడు.

అపోహ: గట్టిగా అనుకుంటే జ్ఞానం వచ్చి తీరుతుంది.

వాస్తవం: చాలామంది తడబడేది ఇక్కడే. చేయడం, మానడం మన ఇష్టం. తెలియడం మన ఇష్టం కాదు, ఉన్న వస్తువును బట్టి ఉంటుందని శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో తేల్చిచెప్పారు. మసకచీకట్లో కనపడేది స్తంభమో, మనిషో అన్నది మన కోరికతో మారదు. రమణ మహర్షిని చూడండి. 1896లో మదురైలో, పదహారేళ్ల వయసులో, ఉన్నట్టుండి చావుభయం పట్టుకుంటే పడుకుని తనలోకి తాను చూసుకున్నారు, జ్ఞానం కలిగింది. అంతకుముందు ఆయన పట్టిన దీక్ష ఏదీ లేదు.

మరి సంకల్పం దండగా? కాదు. ఆ శంకరులే మోక్షం కావాలన్న తపనను సాధనకు కావలసిన నాలుగింటిలో ఒకటిగా చెప్పారు. స్తంభం దగ్గరికి నడిచి వెళ్లి చూడాలంటే కాళ్లు కదలాలి గదా. ఆ కదలిక మనది.

అపోహ: ఒంట్లో ఓపిక పోయాక ఇంకేం సాధన?

వాస్తవం: శిష్యుల్లో చివరివాడు పింగియుడు. చూపు మందగించింది, చెవి సరిగా వినపడదు. సుత్తనిపాతానికి వ్యాఖ్యానమైన అట్ఠకథ ప్రకారం బావరికి మేనల్లుడు. బుద్ధుడు చెబుతుంటే ఆయన మనసు మాటిమాటికీ మామ మీదికి పోయిందట, ఇంత గొప్ప మాట ఆయన వినలేకపోయాడే అని. అందుకే మిగతా పదిహేనుగురికి అందినది పూర్తిగా ఆయనకు ఆనాడు అందలేదట. ఆ ప్రేమను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

పింగియుడు గోదావరి ఒడ్డుకు తిరిగొచ్చి విన్నదంతా బావరికి చెప్పాడు. మరి ఆ బుద్ధుణ్ణి వదిలి ఎలా ఉండగలుగుతున్నావని మామ అడిగాడు. ముసలివాణ్ణి, ఈ ఒంటితో అంత దూరం మళ్లీ పోలేను, తలంపుతో మాత్రం రోజూ అక్కడికే పోతున్నాను అని ఆయన జవాబు. పాళీలో ఆ తలంపుకు వాడిన మాట మన సంకల్పమే.