మధ్య మెట్టు మీద ఇంగ్లిష్ మాటలు

ఇంగ్లిష్ పేపర్ చదివితే విషయం లీలగా అర్థమవుతుంది. అదే ఎవరికైనా చెప్పమంటే నోరు పెగలదు. తెలుగు మీడియంలో డిగ్రీ చేసి బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో సిద్ధమవుతున్న చాలామంది ఆగిపోయేది ఇక్కడే. వెంటనే లావుపాటి వొకాబులరీ పుస్తకం కొని ‘ఏ’ నుంచి బట్టీ మొదలుపెడతారు. ‘సి’కి వచ్చేసరికి ‘ఏ’లోవి చెదిరిపోతాయి. జ్ఞాపకశక్తిని నిందించుకునే ముందు, ఏ మాటలు ఎంచుకున్నామో చూసుకోవాలి.

ఢాకాలో ఇంగ్లిష్ బోధనపై ఏళ్ల తరబడి పనిచేసిన మైకేల్ వెస్ట్ సంపాదకత్వంలో 1953లో సుమారు 2,000 మాటల జాబితా వెలువడింది. మామూలు రాతల్లో పదింట ఎనిమిది మాటలు అందులోవే. దాని పై మెట్టుకు న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో 570 పద కుటుంబాలు ఏర్చి ఇచ్చారు. అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్ కలిస్తే ఒక కుటుంబం. కాలేజీ పుస్తకాల్లో రమారమి పదింట ఒక మాట వీటిదే. మొదటి జాబితా వచ్చేసి మధ్య మెట్టు మీద ఉన్నవాళ్లు ముందు పట్టాల్సింది వీటినే.

అసలు చిక్కు తెలుసనుకున్న మాటలతో వస్తుంది. ‘అడ్రస్’ అంటే చిరునామా అని చిన్నపిల్లలకూ తెలుసు. మంత్రి సభను అడ్రస్ చేస్తే ప్రసంగించినట్టు. కమిటీ ఒక సమస్యను అడ్రస్ చేస్తే దాని పని పట్టడానికి పూనుకున్నట్టు. ‘అబ్జర్వ్’ పక్కన పేషెంట్ ఉంటే గమనించడం, సైలెన్స్ ఉంటే పాటించడం. డిక్షనరీలో మొదటి అర్థం రాసుకుని ఊరుకుంటే ఈ వాక్యాలు కొరుకుడు పడవు. అందుకే మాటను ఒంటరిగా రాసుకోవద్దు. అది కనిపించిన వాక్యమంతా నోట్‌బుక్‌లోకి ఎక్కించండి.

ఇక మననం. జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హాస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదట్లోనే జారిపోతుందని 1885లో చూపించారు. కాబట్టి ఇవాళ రాసింది రేపు, మూడు రోజులకు, వారానికి, నెలకు తిరగెయ్యాలి. అర్థాన్ని చేత్తో మూసి గుర్తు తెచ్చుకోవాలి. కాసేపు తడుముకున్నా ఫర్వాలేదు, ఆ తడుములాటే మాటను నిలబెడుతుంది.

రోజుకు ఏడెనిమిది చాలు. యాభై రాసుకునే ఉత్సాహం మొదటి వారం అందరికీ ఉంటుంది. మూడో వారానికి తిరగెయ్యాల్సినవి కుప్పపడి నోట్‌బుక్ తెరవబుద్ధి కాదు. ఆ ఏడెనిమిదిలో ఒకదాన్నైనా అదే రోజు స్నేహితులకు పంపే మెసేజ్‌లో వాడేయండి.