ఢిల్లీ లేఖ: లోహరేణువు నుంచి మంచినీటి దాకా

ఒకనాడు పప్పన్‌కలాన్‌గా పిలిచిన చోట, రాజధానికి నైరుతి దిక్కున వెలసిన ద్వారకలో విద్యకు కొదవ లేదు. నేతాజీ సుభాష్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఇంద్రప్రస్థ విశ్వవిద్యాలయం ఇక్కడివే. కొదవ నీటికి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూపులు ఈ ఉపనగరానికి కొత్త కావు. విద్యకూ నీటికీ గల బంధాన్ని తలచినప్పుడు నాకు స్ఫురించే పేరు మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు తలప్పిల్ ప్రదీప్.

1963లో కేరళలో జన్మించిన ప్రదీప్, బెంగుళూరులో సి.ఎన్.ఆర్. రావు వద్ద పరిశోధన ముగించి, అమెరికాలో కొంతకాలం పనిచేసి, 1993లో మద్రాసు చేరారు. ఆయన ఎన్నుకున్నది లోహాల సూక్ష్మరూపం. మీటరులో నూరుకోట్లవ వంతు నానోమీటరు. ఆ కొలతకు దిగితే లోహం స్వభావమే మారుతుంది. బంగారం పసుపు విడిచి ఎరుపు దాలుస్తుంది. ఫారడే 1857లోనే దీనిని పరిశీలించాడు. తగిన పరిస్థితులు కల్పిస్తే ఈ రేణువులు ఎవరూ పేర్చకుండానే బారులు తీరుతాయి. ఇదే స్వయంకూర్పు.

2003 ఆగస్టులో శీతల పానీయాలలో పురుగుమందుల అవశేషాలు బయటపడగా, శరద్ పవార్ అధ్యక్షతన సంయుక్త పార్లమెంటరీ సంఘం ఏర్పడింది. ఢిల్లీ దోషాన్ని విచారిస్తున్న ఆ రోజులలోనే మద్రాసులో నివారణ రూపుదిద్దుకుంటున్నది. వెండి రేణువులు నీటిలోని పురుగుమందును పట్టివేస్తాయన్న ఎరుక 2007 నాటికి వడపోత సాధనమై విపణికి వచ్చింది. అనంతరం రొయ్యపెంకుల నుంచి లభించే కైటోసాన్‌కు ఇనుప సమ్మేళనాన్ని జోడించి, ఆర్సెనిక్‌ను తొలగించే పదార్థాన్ని ఆయన బృందం తయారుచేసింది. 2020లో పద్మశ్రీ లభించింది.

ఇక అసలు ప్రశ్న. 1993 నుంచి 2007 వరకు పధ్నాలుగేళ్లు. అంతకాలం ఓపిక పట్టేదెవరు? 2007లో నానో మిషన్‌కు అయిదేళ్లకు వేయి కోట్లు కేటాయించింది ప్రభుత్వ ఖజానాయే. 2020–21లో పరిశోధనపై దేశం వెచ్చించినది స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. 2023 నాటి చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్లు అన్నారు. అందులో 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గాల నుంచి రావాలన్నది అంచనా. లాభాన్ని వచ్చే ఏడే లెక్కచూసుకునే పెట్టుబడి పధ్నాలుగేళ్లు వేచి ఉంటుందని నేను నమ్మలేను. రేణువులు తమంతట తామే కూడవచ్చు. నిధులు అలా కూడవు. ఆ 36,000 కోట్లలో ఎంత చేరిందని పార్లమెంటులో అడగవలసిన బాధ్యత మన సభ్యులకూ ఉంది.