కాపలా లేని గోల్‌పోస్ట్

హాకీ అనగానే మనకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ పేరు స్ఫురిస్తాయి. మంచుపై స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీతో మన పరిచయం స్వల్పం. మన దేశంలో లడఖ్ వాసులకు, చెరువులు గడ్డకట్టే శీతకాలంలో, అది అభిమాన క్రీడ. కెనడాలో మాత్రం దాని స్థానం మన క్రికెట్ స్థానమే. ఆ క్రీడలోని ఒక చిన్న ప్రశ్నపై దాదాపు అర్ధశతాబ్దిగా సాగుతున్న వాదం, యంత్రాల నడుమ జీవితం గడిపే మనవంటి వారికి ఆసక్తి కలిగిస్తుందని భావిస్తున్నాను.

ముందుగా ఆట స్వరూపం. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు, మొత్తం అరవై నిమిషాలు. ఒక్కొక్క జట్టుకు మంచుపై ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపర్. (వారు అతనిని ముద్దుగా ‘గోలీ’ అంటారు, మన పిల్లల గోలీలతో దీనికి సంబంధం లేదు.) బంతికి బదులు మూడంగుళాల వ్యాసం, అంగుళం మందం గల రబ్బరు బిళ్ల. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు గల గోల్‌పోస్ట్ లోనికి దానిని కొట్టాలి. ఆట సాగుతుండగానే ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మన ప్రశ్నకు మూలం ఈ చివరి నియమమే. గోల్‌కీపర్‌ను బయటకు పిలిచి, అతని స్థానంలో ఆరవ ఆటగాడిని దాడికి పంపవచ్చు. అప్పుడు గోల్ కొట్టే అవకాశం పెరుగుతుంది. వెనుక గోల్‌పోస్ట్ ఖాళీగా ఉంటుంది.

1931 మార్చి 26న బోస్టన్ బ్రూయిన్స్ శిక్షకుడు ఆర్ట్ రాస్, మాంట్రియల్ కెనడియన్స్‌పై ఒక గోల్ వెనుకబడి ఉండగా, చివరి నిమిషంలో తన గోల్‌కీపర్ టైనీ థాంప్సన్‌ను వెనక్కి పిలిచాడు. ఫలితం దక్కలేదు, ఆ జట్టు 1–0తో ఓడింది. కాని పద్ధతి నిలిచిపోయింది. విచిత్రమేమంటే పద్ధతితో పాటు ఆ ‘చివరి నిమిషం’ కూడా నిలిచిపోయింది. ఒక్క గోల్ వెనుకబడితే సుమారు ఒక నిమిషం మిగిలి ఉండగా పిలవాలన్నది దశాబ్దాల పాటు శిక్షకులందరి విశ్వాసం. ఒక నిమిషమే ఎందుకన్న ప్రశ్నకు, అందరూ అలాగే చేస్తారన్నదే సమాధానం.

1976లో డొనాల్డ్ మారిసన్ అనే పరిశోధకుడు ఈ సమస్యకు పాయిజాన్ నమూనాను అన్వయించి, అంతవరకు ఆగడం ఆలస్యమేనని చూపించాడు. శిక్షకులు చలించలేదు. 2018లో పెట్టుబడుల రంగానికి చెందిన క్లిఫర్డ్ ఆస్నెస్, ఆరన్ బ్రౌన్ మళ్లీ లెక్క వేశారు. ఒక గోల్ వెనుకబడితే ఐదు నిమిషాలకు పైగా, రెండు గోల్స్ వెనుకబడితే పదకొండు నిమిషాలకు పైగా మిగిలి ఉండగానే గోల్‌కీపర్‌ను పిలవాలని తేల్చారు.

వారి అంకెలను కాగితంపై పెట్టి నేనూ చూశాను. గోల్‌కీపర్లు ఇద్దరూ ఉన్నప్పుడు ఏ జట్టయినా పది సెకన్లలో గోల్ చేసే అవకాశం సుమారు 0.65 శాతం. ఒక జట్టు తన గోల్‌కీపర్‌ను పిలిస్తే దాని అవకాశం దాదాపు 2 శాతానికి, ప్రత్యర్థి అవకాశం 4.3 శాతానికి చేరుతుంది. మనకు మూడింతలు, వారికి ఆరింతలకు పైన! పైపైన చూస్తే ఇది మతిలేని బేరం. కాని ఒక్క గోల్ తేడాతో ఓడినా, రెండింటి తేడాతో ఓడినా ఓటమి ఓటమే. అదనపు గోల్‌కు అదనపు శిక్ష లేదు. సమం చేస్తే మాత్రం ఆట మళ్లీ మన చేతికి వస్తుంది. ఆరు నిమిషాలు మిగిలిన స్థితిని తీసుకుందాం. చివరి నిమిషం దాకా ఆగే జట్టు, ప్రత్యర్థి మరో గోల్ చేయకముందే స్కోరు సమం చేయగల అవకాశం నూటికి 23. వెంటనే పిలిచే జట్టుకు అది 28. ఇది స్థూల గణన. సమం చేసిన తరువాత జరిగేదాన్ని ఇందులో కలపలేదు. తేడా ఐదు పాళ్లే. అయితే అది డబ్బు ఖర్చు లేకుండా, కొత్త ఆటగాడిని కొనకుండా దొరికే ఐదు పాళ్లు.

మరి శిక్షకులు ఎందుకు చేయరు? వారికి లెక్కలు రాక కాదు. గోల్‌కీపర్ ఉండగా ఓడితే ఆటగాళ్లు ఓడారంటారు. ఐదు నిమిషాల ముందు పిలిచి ఖాళీ గోల్‌పోస్ట్‌లో గోల్ ఇచ్చుకుంటే శిక్షకుడు ఓడించాడంటారు.

ఈ మాట మనకు కొత్త కాదు. థర్మల్ కేంద్రంలో బాయిలర్ ట్యూబుకు చిన్న చిల్లు పడితే, బయటకు చిమ్మే ఆవిరి ధార పక్క ట్యూబులను కోసివేస్తుంది. వెంటనే యూనిట్ ఆపితే రెండు మూడు ట్యూబులతో పోతుంది. ఆగితే పది పాడవుతాయి. అయినా నేను చూసినంతలో, లీకు అనుమానంతోనే యూనిట్‌ను ఆపించిన ఇంజనీరును ఉత్పత్తి నష్టానికి సంజాయిషీ అడిగారు. తనంత తాను ట్రిప్ అయ్యేదాకా నడిపినవాడిని ఎవరూ ఏమీ అడగలేదు. యంత్రం ఆగితే విధి, మనిషి ఆపితే నేరం!

శిక్షకులలో ముందుగా తెగించినవాడు ప్యాట్రిక్ రాయ్ కావడం ముచ్చటైన విషయం. ఆయన స్వయంగా గోల్‌కీపర్, అదీ నాలుగు స్టాన్లీ కప్పులు గెలిచిన దిగ్గజం. కొలరాడో అవలాంచ్ శిక్షకుడిగా 2014 ఏప్రిల్ 17న మిన్నెసోటా వైల్డ్‌పై ఒక గోల్ వెనుకబడినప్పుడు, సుమారు మూడు నిమిషాలు మిగిలి ఉండగానే గోల్‌కీపర్‌ను పిలిచేశాడు. ఖాళీ గోల్‌లోకి పోబోతున్న బిళ్లను రక్షకుడు ఎరిక్ జాన్సన్ గీత దగ్గర అడ్డుకున్నాడు. పదమూడు సెకన్లు మిగిలి ఉండగా పాల్ స్టాస్ట్నీ స్కోరు సమం చేసి, అదనపు సమయంలో గెలుపు గోల్ కూడా తానే కొట్టాడు. అయితే ఏడు మ్యాచ్‌ల ఆ పోరులో చివరకు గెలిచింది మిన్నెసోటాయే. ఒక రాత్రి విజయం లెక్కకు రుజువు కాదు. జాన్సన్ అడ్డుపడకపోయి ఉంటే అది లెక్కకు ఖండనా అయ్యేది కాదు.

శిక్షకుల అభ్యంతరాలలో పస ఉన్నవి లేకపోలేదు. సగటు అంకెలు అన్ని జట్లకూ వర్తించవు. చివరి నిమిషాల కోసం దాచుకున్న ఆరుగురు మేటి ఆటగాళ్లు ఆరు నిమిషాలు ఏకబిగిన పరుగెత్తలేరు. బిళ్ల ప్రత్యర్థి అధీనంలో ఉండగా గోల్‌కీపర్‌ను పిలవడం అవివేకం. దానిని చేజిక్కించుకునే క్షణం కోసం వేచి ఉండాలి. ఇవన్నీ గడియారంలో కొన్ని సెకన్లనో, ఒక నిమిషాన్నో మార్చవచ్చు. 1931 నాటి చివరి నిమిషానికి మాత్రం తిరిగి తీసుకుపోలేవు.

శిక్షకులు మెల్లగా కదులుతున్నారు. ఉత్తర అమెరికాలోని జాతీయ హాకీ లీగ్‌లో ఒక గోల్ వెనుకబడిన జట్లు ఇప్పుడు రెండు నిమిషాల పైచిలుకు మిగిలి ఉండగానే గోల్‌కీపర్‌ను పిలవడం సాధారణమైంది. రెండు గోల్స్ వెనుకబడి, పదకొండు నిమిషాల ముందే గోల్‌పోస్ట్‌ను ఖాళీ చేసే శిక్షకుడు మాత్రం నేటికీ అరుదు.